చెప్పిన వాన, విన్న వాన



"రాష్ట్రంలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది." ఈ వాక్యం మీకు బాగా అలవాటైనదే. వార్తల చివర వస్తుంది. పది క్షణాల్లో అయిపోతుంది. చదివేవారు ఒక్కరే. చదివిన మాట కూడా ఒక్కటే. మరి వినేవారో?

నవంబరు నెల అనుకోండి. కృష్ణా డెల్టాలో ఒక రైతు వరి కోయించాడు. పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. ఈ మాట చెవిన పడగానే కూలీల కోసం బయల్దేరుతాడు. రాత్రికి రాత్రి కుప్ప వేయించాలి. అదే సమయంలో అనంతపురం వైపు నల్లరేగడిలో శనగ విత్తిన రైతు ఆకాశం కేసి ఆశగా చూస్తాడు. ఆయనకు అది శుభవార్త. కాకినాడ తీరంలో మత్స్యకారుడికి రేపటి వేట గురించి బెంగ. పచ్చి ఇటుకలు ఆరబెట్టిన బట్టీ యజమానికి పట్టాల గురించి ఆలోచన. హైదరాబాద్‌లో ఆడపిల్ల పెళ్లికి షామియానా వేయించిన తండ్రికి మరో దిగులు. మాట ఒక్కటే. ఇన్ని ఇళ్లలో ఇన్ని అర్థాలు.

ఈ తేడా తప్పు కాదు. ఎవరి బతుకును బట్టి వారు వింటారు. కానీ కొన్ని మాటల విషయంలో చెప్పినవారి అర్థానికీ, విన్నవారి అర్థానికీ మధ్య దూరం పెరిగితే ప్రాణాలు పోతాయి. వాతావరణ హెచ్చరికల్లోని మాటలు అలాంటివి. ఈ ప్రసంగం వాటి గురించే.

ముందుగా ఆ "ఒకటి రెండు చోట్ల" అన్న మాటే చూడండి. వినేవారికి ఒకటో రెండో ఊళ్లు అనిపిస్తుంది. ఇన్ని వేల ఊళ్లలో మన ఊరే ఎందుకు అవుతుందిలే అనిపిస్తుంది. వాతావరణ శాఖ లెక్క వేరు. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు చాలా ఉంటాయి. వాటిలో పావువంతు దాకా కేంద్రాల్లో వాన పడవచ్చు అనుకుంటే, దాన్ని ఈ మాటతో చెబుతారు. పావువంతు దాటి సగం దాకా అయితే మాట మారుతుంది. సగం దాటితే ఇంకో మాట. ముప్పావు దాటితే మరో మాట. అంటే "ఒకటి రెండు" అన్నది వేళ్ల మీద లెక్కపెట్టే ఒకటి రెండు కాదు. నాలుగు కేంద్రాల్లో ఒకటి దాకా కావచ్చు. నాలుగింట ఒకటి అంటే తేలిగ్గా తీసుకునే సంగతి కాదు కదా!

అలాగే "మోస్తరు వర్షం". మోస్తరు అంటే ఇంట్లో మన వాడుకలో ఫరవాలేదని. వాతావరణ శాఖకు మాత్రం దానికి ఒక కొలత ఉంది. ఇరవై నాలుగు గంటల్లో సుమారు ఆరున్నర సెంటీమీటర్ల దాకా పడినా అది మోస్తరే. ఆ పైన భారీ. ఇరవై సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ. ఆరు సెంటీమీటర్ల వాన పగలూ రాత్రీ ముసురులా కురిసిందనుకోండి, నేల తాగేస్తుంది. చేను పదునవుతుంది. రైతు సంతోషిస్తాడు. అదే ఆరు సెంటీమీటర్లు ఒక్క గంటలో హైదరాబాద్ రోడ్ల మీద కుమ్మరిస్తే బైకులు కొట్టుకుపోతాయి. లెక్కల్లో రెండూ మోస్తరు వానలే.

ఇక ఊళ్లలో వానకు అసలు సెంటీమీటర్ల లెక్కే లేదు. దుక్కికి పదును అయిందా? చెరువు నిండిందా? తెలంగాణ పల్లెలో మత్తడి దుంకిందా అని అడుగుతారు. కోస్తాలో అలుగు పారిందా అంటారు. సీమలో మరవ పోయిందా అంటారు. ఊరివారికి వాన అంటే ఆకాశం నుంచి ఎంత పడిందన్నది కాదు, నేల మీద ఏం చేసిందన్నది. ఈ మాట గుర్తుంచుకోండి. ప్రసంగం చివర్లో దీనితో మళ్లీ పని ఉంది.

ఇప్పుడు "అవకాశం ఉంది" అన్న మాట దగ్గరకు వద్దాం. ఎంత అవకాశం?

దీన్ని అంకెల్లో చెబితే గొడవ ఉండదని కొన్ని దేశాల వారు అనుకున్నారు. అమెరికాలో 1965 నుంచి వాన సూచనను శాతాల్లో చెబుతున్నారు. రేపు వాన పడే అవకాశం ముప్పై శాతం, ఇలా. మరి అంకె చెప్పాక అర్థం ఒక్కటే అయిందా? గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త, తోటి పరిశోధకులతో కలిసి అయిదు నగరాల్లో జనాన్ని ఇదే అడిగారు. న్యూయార్క్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, మిలాన్, ఏథెన్స్. ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. వాతావరణ నిపుణుల ఉద్దేశం ఏమిటంటే, రేపటిలాంటి రోజులు పది ఉంటే వాటిలో మూడు రోజులు వాన పడుతుందని. న్యూయార్క్‌లో సగానికి పైగా జనం ఆ అర్థమే చెప్పారు. ఐరోపాలోని నాలుగు నగరాల్లో మాత్రం ఎక్కువ మంది మొగ్గింది వేరే అర్థానికి. రేపు పొద్దులో ముప్పై శాతం సేపు వాన పడుతుందని వారు అనుకున్నారు. మరికొందరు ఊళ్లో ముప్పై శాతం మేర పడుతుందన్నారు. చూశారా! అంకె చెప్పినా, అది దేని మీద లెక్క అన్నది ఎవరికి వారు పూరించుకున్నారు.

వినేవారు సరే, ఒకే గదిలో కూర్చుని ఒకే వాక్యం రాసినవారికైనా అర్థం ఒక్కటిగా ఉంటుందా? దీనికీ ఒక ఉదాహరణ ఉంది. ఇది వాన గురించి కాదు, యుద్ధం గురించి. 1951లో అమెరికా గూఢచార సంస్థలో ఒక నివేదిక తయారైంది. ఆ ఏడాది యుగోస్లావియా మీద దాడి జరిగే "గట్టి అవకాశం" ఉందని అందులో రాశారు. రాసిన బృందంలో షెర్మన్ కెంట్ అనే చరిత్రకారుడు ఉన్నారు. గట్టి అవకాశం అంటే ఎంత అని ఒక అధికారి ఆయన్ని అడిగారు. నూటికి అరవై అయిదు పాళ్లు అన్నారు కెంట్. అధికారి ఆశ్చర్యపోయారు. అంత ఎక్కువ అని ఆయన అనుకోలేదు. అప్పుడు కెంట్ తన సహచరులను ఒక్కొక్కరినీ అడిగి చూశారు. ఒకరు నూటికి ఎనభై అన్నారు. ఒకరు ఇరవయ్యే అన్నారు. అందరూ ఒప్పుకుని రాసిన వాక్యమే! మాట మీద ఏకాభిప్రాయం వచ్చింది. అర్థం మీద రాలేదు. పైగా అడిగేదాకా ఆ సంగతి వారికే తెలియదు.

ఇక మన తీరానికి వద్దాం. తుఫాను మాటల దగ్గర ఈ దూరం చాలా ప్రమాదకరం.

"కాకినాడ రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక." ఇది వినగానే మీకేమనిపిస్తుంది? పదిలో మూడు కాబట్టి పెద్ద ప్రమాదం లేదనా? చాలామందికి అలాగే అనిపిస్తుంది. అసలు ఈ నంబర్లు ఎవరి కోసం పుట్టాయి? ఓడల కోసం. 1864లో కలకత్తాను ఒక భయంకర తుఫాను ముంచింది. ఆ మరుసటి ఏడాదే అక్కడి రేవులో ఓడలకు హెచ్చరిక సంకేతాలు మొదలయ్యాయి. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంటే శాఖ కన్నా ముందే సంకేతం పుట్టింది. పగలు స్తంభానికి ఆకారాలు వేలాడదీస్తారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు పెడతారు. వాటిని దూరం నుంచి చూసి చదువుకోవాల్సింది ఓడ నడిపేవారు.

ఒకటి, రెండు నంబర్లు అంటే వాతావరణం చెడింది దూరంగా, సముద్రం మీద అని. మూడు, నాలుగు అంటే ఆ ముప్పు రేవు దాకా రావచ్చని. అయిదు, ఆరు, ఏడు ప్రమాద సూచికలు. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాద సూచికలు. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఎనిమిది కన్నా తొమ్మిది ఎక్కువ ప్రమాదమని కాదు. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా, తుఫాను రేవుకు ఏ పక్క నుంచి వెళుతుందన్నదే. పది అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో వెళుతుందని. మరి పదకొండో నంబరు? అది అన్నిటికన్నా పెద్ద తుఫాను కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

మరోసారి చెబితే మంచిది. నంబరులో తుఫాను బలం ఒక్కటే కాదు, దాని దారి కూడా ఉంది. ఓడ నడిపేవారికి ఆ దారి తెలియడం అవసరం. కానీ ఉప్పాడలో, భీమిలిలో ఇంటి అరుగు మీద కూర్చుని వినేవారు దాన్ని పరీక్షలో మార్కుల్లా వింటారు.

రెండో మాట: "తుఫాను బలహీనపడి వాయుగుండంగా మారింది." ఈ మాట వినగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ బలహీనపడింది ఏది? గాలి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను. ఈ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గంటకు అరవై రెండు కిలోమీటర్ల వేగం అందుకుంటే తుఫాను. ఆ లోపు ఉంటే వాయుగుండం. వాన ఎంత కురుస్తుందన్నది ఈ పేర్లలో ఎక్కడా లేదు.

2020 అక్టోబరు గుర్తుందా? బంగాళాఖాతంలో పుట్టిన ఆ వ్యవస్థ అసలు తుఫానుగా మారనే లేదు. తీవ్ర వాయుగుండంగానే అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది. గాలి తగ్గుతూ తెలంగాణ మీదకు వచ్చింది. ఆ సాయంత్రం నుంచి హైదరాబాద్‌లో కురిసిన వానకు కాలనీలకు కాలనీలు మునిగాయి. పాతబస్తీలో చెరువు నీళ్లు ఇళ్ల మీదకు వచ్చాయి. మూసీ పొంగింది. ఎందరో చనిపోయారు. 2024లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది కదా. ఆగస్టు 31 అర్ధరాత్రి వేళ కళింగపట్నం దగ్గర తీరం దాటిన ఆ వ్యవస్థ కూడా వాయుగుండమే. దానికీ తుఫాను అన్న పేరు లేదు.

కాబట్టి బలహీనపడింది అని విన్నప్పుడు, ఏది బలహీనపడింది అని అడగాలి. గాలి తగ్గితే పెంకుటిల్లు నిలుస్తుంది. వాన తగ్గకపోతే వాగు నిలవదు.

మూడో మాట మన భాషలోనే చిక్కు పెట్టేది: "తుఫాను తీరం దాటింది." తెలుగులో దాటింది అంటే అయిపోయిందనే. గండం దాటింది అంటాం. ఏరు దాటింది అంటాం. ఇక భయం లేదని. కానీ తుఫానుకు తీరం దాటడమంటే సముద్రం మీది నుంచి నేల మీదకు రావడం. సముద్రంలో ఉన్నవారికి అది వెళ్లిపోవడం. నేల మీద ఉన్నవారికి అది రావడం.

విశాఖ వాసులు దీన్ని కళ్లారా చూశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మధ్యాహ్నం వేళ నేరుగా విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. తుఫాను నడిమధ్య ఉండే భాగాన్ని కన్ను అంటారు. అక్కడ గాలి తగ్గిపోతుంది. కన్ను నెత్తి మీదకు వచ్చినప్పుడు హోరు ఆగుతుంది. తెరిపి ఇచ్చిందని జనానికి బయటకు రావాలనిపిస్తుంది. కానీ కన్నుకు అవతలి అంచు ఇంకా రావాల్సే ఉంటుంది. అది రాగానే గాలి ఎదురు దిక్కు నుంచి, మళ్లీ అంతే ఉధృతంగా కొడుతుంది. ఆ కాసేపటి ప్రశాంతతను తుఫాను పోయిందని అనుకుంటే ఎంత ముప్పో ఆలోచించండి. దాటింది అన్న మాట విన్నాక కూడా, బయటకు రావచ్చు అని విడిగా చెప్పేదాకా లోపలే ఉండాలి.

నాలుగో మాట, ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం లేచింది. గాలి కన్నా, వాన కన్నా ఎక్కువ ప్రాణాలు తీసింది ఆ నీటి గోడే. వేలాది మంది చనిపోయారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఆ తరం పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వారి ముందు ఉప్పెన అనండి. వారికి ఆ రాత్రి కళ్ల ముందు ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి ముందు అదే మాట అంటే 2021లో వచ్చిన సినిమా గుర్తుకు వస్తుంది. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఆ మాటలో ఉన్న నీటిని అతను చూడలేదు.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. 2013 నవంబరు 8న హైయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌ను కొట్టింది. టాక్లోబన్ నగరంలోకి సముద్రం పొర్లింది. దేశం మొత్తంలో ఆరువేల మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక ముందే వచ్చింది. సముద్రం పొంగుతుందని కూడా చెప్పారు. కానీ వాడిన ఆంగ్ల సాంకేతిక పదం జనానికి తెలియదు. సునామీ అని ఉంటే పరుగెత్తి ఉండేవాళ్లమని బతికి బయటపడ్డవారు అన్నారు. హెచ్చరిక చెవిదాకా వచ్చింది, కాళ్లను కదిలించలేదు.

మాటలే కాదు, రంగులూ అంతే. వాతావరణ శాఖ ఇప్పుడు పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తోంది. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే కదలండి. కానీ తెలుగింట్లో పసుపు శుభం కదా! గడపకు రాసుకునే రంగు. దాన్ని ముప్పుగా వినడం అలవాటు చేసుకోవాలి. ట్రాఫిక్ దీపాల దగ్గర ఎరుపు అంటే ఆగమని. ఇక్కడ ఎరుపు ఉద్దేశం ఆగమని కాదు, ఏం చేయాలో ఇప్పుడే చేయమని.

రైతు శ్రోతల కోసం మరొక్క మాట. "వర్షపాతం సాధారణం." దేశం మొత్తానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా యాభై ఏళ్ల సగటు సుమారు 87 సెంటీమీటర్లు. దానికి నాలుగు శాతం అటూ ఇటూ అయినా సాధారణమే అంటారు. జిల్లా లెక్కలో అయితే పంతొమ్మిది శాతం తక్కువ పడినా సాధారణం కిందికే వస్తుంది. పైగా అది కాలం మొత్తం మీది లెక్క. వేరుశనగ ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు లేక, కోతల ముందు ఒక్కసారిగా కుమ్మరిస్తే? లెక్క సరిపోతుంది. కాయ మాత్రం ఊరదు. సాధారణం అన్న మాట కాగితం మీద నిజం, చేలో కాదు. ఆరుద్ర కురిస్తే దరిద్రం లేదన్న పాత సామెత చూడండి. ఎంత కురిసిందన్నది అందులో లేదు. ఎప్పుడు కురిసిందన్నదే ఉంది.

మరి దీనికి దారి? దారి ఉంది. అది ఫలితం ఇస్తుందని మన పొరుగునే రుజువైంది. 1999 అక్టోబరు చివర ఒడిశాను పెను తుఫాను కొట్టినప్పుడు సుమారు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను అదే ఒడిశా తీరాన గోపాల్‌పూర్ దగ్గరికి వచ్చింది. అదీ చాలా బలమైనదే. ఈసారి దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. సూచనలు మెరుగుపడ్డాయి, తుఫాను షెల్టర్లు కట్టారు, నిజమే. వాటితో పాటు మాట చేరే పద్ధతి మారింది. ఇంటింటికీ మనిషి వెళ్లాడు. గాలి వేగం ఎంతో చెప్పి ఊరుకోలేదు. ఈ ఇల్లు ఆగదు, ఈ దారిన నడవండి, పశువులను ఇక్కడ కట్టండి అని చెప్పారు.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడికే. ఊరివారికి వాన అంటే నేల మీద ఏం చేస్తుందన్నది. ఇప్పుడు వాతావరణ శాఖ కూడా ఆ దారి పట్టింది. ఇన్ని సెంటీమీటర్లు పడుతుందని చెప్పడంతో ఆగకుండా, లోతట్టు ప్రాంతాలు మునగవచ్చు, కచ్చా ఇళ్లు దెబ్బతినవచ్చు, కోసిన పంట తడవవచ్చు అని ప్రభావాన్ని కూడా చెబుతోంది. ఇది మంచి మార్పు. అయితే బులెటిన్ మీ వాగు పేరు, మీ వీధి పేరు చెప్పలేదు. ఆ చివరి అంగ సర్పంచి వేయించే చాటింపులోనో, స్కూలు మాస్టారి మాటలోనో, మీ నోటనో పూర్తి కావాలి.

ఇంతసేపూ విన్నదాన్ని మరోసారి చెప్పుకుందాం. రేవు నంబరులో తుఫాను బలంతో పాటు దాని దారి కూడా ఉంది. బలహీనపడిందంటే గాలి తగ్గిందని, వాన తగ్గిందని కాదు. తీరం దాటిందంటే నేల మీదకు వచ్చిందని. పసుపు హెచ్చరిక కూడా హెచ్చరికే.

మన తీరానికి తుఫానుల బెడద ఎక్కువగా ఉండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ లోపు ఒక రాత్రి భోజనాల వేళ ఇంట్లో అందరినీ ఒక ప్రశ్న అడగండి. రేడియోలో తీరం దాటింది అని వింటే నువ్వేం చేస్తావని అమ్మమ్మను అడగండి. కాలేజీకి వెళ్లే పిల్లను అడగండి. ఇంట్లో పనికి వచ్చే మనిషిని అడగండి. జవాబులు వేరువేరుగా వస్తే తప్పు పట్టకండి. ఎందుకలా అనుకున్నారో వినండి. ఆ తర్వాత షెల్టరు ఎక్కడుంది, ముసలివారిని ఎవరు పట్టుకెళ్లాలి, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఏ సంచిలో పెట్టాలి అన్నది అందరూ కలిసి తేల్చుకోండి.